బండ మీద నీళ్లెటు పోతాయి?

ఇల్లు కట్టుకునేటప్పుడు హాల్లో వేసే టైల్స్ కోసం పది షాపులు తిరుగుతాం. గోడల రంగు దగ్గర ఇంటిల్లిపాదీ పోట్లాడుకుంటాం. తీరా వాకిలి దగ్గరికొచ్చేసరికి డబ్బూ ఓపికా రెండూ అయిపోతాయి. 'ఏవో నాలుగు బండలు పరిచెయ్ మేస్త్రీ' అనేసి చేతులు దులుపుకుంటాం. ఎండనీ వాననీ చెప్పుల్నీ స్కూటర్లనీ భరించేది మాత్రం ఆ నాలుగు బండలే.

రాయలసీమలో పుట్టినవాళ్లకి వాకిలంటే నాపరాయి. తెలంగాణ వాళ్లకి తాండూరు బండ, షాబాదు బండ ఎలాగో మాకు బేతంచర్ల, తాడిపత్రి, కడప బండలు అలాగ. పేర్లు వేరైనా జాతి ఒక్కటే, సున్నపురాయి. కోట్ల ఏళ్ల కిందట నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న మడ్డి గట్టిపడి రాయి అయింది. అందుకే గనిలో పలకల్లా విడిపోతుంది. ఆ చుట్టుపక్కలే సిమెంటు ఫ్యాక్టరీలు ఉండటానికి కారణమూ ఆ సున్నపురాయే.

నంద్యాలలో మా ఇంటి ముందు నాన్న పరిపించిన నల్ల నాపబండలకి నలభై ఏళ్లు దాటాయి. నాన్న పోయాక అమ్మ ఆ ఇంట్లోనే ఉంటోంది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేసి, తులసికోట దగ్గర కాసేపు కూచుంటే తప్ప ఆవిడకి తెల్లవారినట్టుండదు. 2023 వానాకాలంలో కుళాయి పక్కన పాచి మీద కాలు జారి పడింది. మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు.

ఇక చూడండి, ఫోన్లలో మా కుటుంబ సభ మొదలైంది. 'బండలన్నీ పీకేసి టైల్స్ వేయిద్దాం' అన్నాడు బెంగళూరులో ఉన్న తమ్ముడు. 'అసలు వానాకాలం పోయేదాకా అమ్మని వాకిట్లోకి రానివ్వొద్దు' అంది చెల్లెలు. బంధువొకాయన, యాసిడ్ పోసి కడిగి, పైన మెరిసే కోటింగ్ కొట్టిస్తే అద్దంలా ఉంటుందన్నాడు. అన్నీ విని అమ్మ ఒకే మాటంది: "అద్దం మీద ముగ్గు నిలుస్తుందా నాయనా?"

ఆ మాటతో నేను కాస్త ఆగి, నాలుగు చోట్ల విచారించాను. తెలిసినదేమిటంటే, సున్నపురాయికి పులుపు పడదు. నిమ్మరసం చుక్క పడినా సన్నగా నురగ కడుతుంది. బాత్రూములు కడిగే యాసిడ్ పోస్తే పైపొర తినేసి, నల్ల బండ తెల్లగా పాలిపోతుంది. ఆ మచ్చ ఎంత తోమినా పోదు, బండకి మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. మా కుళాయి దగ్గర ఎప్పట్నుంచో ఉన్న తెల్లటి వలయాల గుట్టు కూడా అప్పుడే తెలిసింది. అమ్మ చింతపండు పెట్టి ఇత్తడి బిందెలు తోమేది అక్కడే!

ఇక కోటింగ్ సంగతి. వాటిని సీలర్లంటారు. రెండు రకాలు. ఒకటి రాతి పైన పొరలా నిలిచి మెరిసేది. తడిస్తే జారుతుంది. అడుగు నుంచి చెమ్మ వస్తే పైకి పోయే దారిలేక పొర తెల్లబడుతుంది, పెచ్చులుగా లేస్తుంది. మా వీధిలోనే ఒకాయన గేటు ముందు కొట్టిస్తే రెండో వానాకాలానికి పొలుసులు రాలాయి. రెండోది రాతి సందుల్లోకి ఇంకిపోయేది. పైకి ఏమీ కనబడదు. నీళ్లని లోపలికి పోనివ్వదు, లోపలి ఆవిరిని మాత్రం బయటికి వదులుతుంది. నూనె మరకలు లోపలికి దిగకుండా కాస్త వ్యవధి ఇస్తుంది. అయితే ఇదీ పులుపు మచ్చని ఆపలేదు. పాచిని అసలే ఆపలేదు. నీడా తడీ ఉన్నచోట ఏ సీలర్ మీదైనా పాచి పడుతుంది.

మరి పాచి ఎందుకు పడుతున్నట్టు? జవాబు చెప్పింది మా ఊరి బేల్దారి మేస్త్రీ. డెబ్భై ఏళ్లుంటాయి. వస్తూనే బిందెడు నీళ్లడిగి, వాకిలి మధ్యలో కుమ్మరించి, బీడీ ముట్టించుకుని గట్టు మీద కూచున్నాడు. నేను కొలతల టేపు పట్టుకుని నిలబడ్డాను.

"టేపెందుకు సార్? నీళ్లు యాడికి పోతాయో చూడండి, సాలు" అన్నాడు.

నీళ్లు గేటు వైపు పోవాల్సింది, కుళాయి పక్కకి జేరి మడుగు కట్టాయి. నలభై ఏళ్లలో అక్కడి మట్టి దిగి, ఐదు బండలు కుంగాయి. దానికి తోడు కుళాయి వాషర్ పోయి చుక్క చుక్కగా కారుతోంది. ఆ మూలకి జామచెట్టు నీడ. ఇక పాచికి ఇంతకన్నా ఏం కావాలి?

ఐదు బండలూ లేపి, కింద ఇసుక దట్టించి, ఆరడుగులకి అంగుళం చొప్పున వాలు ఉండేలా మళ్లీ పరిచాడు. బండల పైముఖాన్ని ఉలితో సన్నగా గంట్లు కొట్టి గరుకు చేశాడు. కుళాయికి కొత్త వాషర్ పడింది. బిందెలు తోముకోవడానికి పక్కనే గ్రానైట్ ముక్క వేశాం. గ్రానైట్‌ని చింతపండు ఏమీ చెయ్యలేదు. గోడకి చేతిపట్టుగా ఇనుప పైపు బిగించాం. ఇంతా కలిపి రెండ్రోజుల పని.

సీలర్ ఒక్కచోటే వాడాం. గేటు పక్కన స్కూటర్ పెట్టే చోట తమ్ముడు ఇదివరకు సిమెంటు పేవర్ బ్లాకులు వేయించాడు. సిమెంటు దిమ్మె నూనెని ఇట్టే పీల్చుకుంటుంది. అక్కడ ఇంకిపోయే రకం కొట్టించాం.

మీ ఇంటి ముందూ ఇలాంటి బండలో బ్లాకులో ఉంటే, ఎండాకాలం పోకముందే ఒక ఆదివారం వాటికి కేటాయించండి. ముందు నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి. పాచికి బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు పోసి, కాసేపు నాననిచ్చి, గట్టి నారచీపురుతో రుద్ది, బాగా కడగండి. మొక్కల మొదళ్లలోకి పోనివ్వకండి. బ్లీచింగ్‌లో యాసిడ్ మాత్రం చచ్చినా కలపకండి, విషవాయువు పుడుతుంది. ఇనుప బ్రష్ వద్దు, దాని తునకలు తుప్పు మరకలవుతాయి. బ్లాకుల సందుల్లో గడ్డి వాన వెలిశాక పీకితే వేళ్లతో సహా వస్తుంది. కొట్టుకుపోయిన ఇసుక బదులు పొడి ఇసుక చల్లి చీపురుతో సందుల్లోకి నెట్టండి. ఇసుక లేకపోతే బ్లాకులు ఒకదాన్నొకటి పట్టుకోలేవు, కదులుతాయి. కొత్త బ్లాకుల మీద తెల్లగా ఉప్పు తేలితే కంగారుపడొద్దు. అది సిమెంటులోంచి నీళ్లతో పైకొచ్చేదే. పొడి చీపురుతో ఊడుస్తూ ఉండండి, మెల్లగా తగ్గుతుంది. అది తగ్గేదాకా సీలర్ జోలికి పోకండి.

సీలర్ అవసరమా కాదా అనేది ఒక నీటిచుక్కే చెబుతుంది. రాతి మీద చుక్క వేయండి. ముత్యంలా నిలబడితే అవసరం లేదు. కాసేపట్లో ఇంకి, ఆ చోటు నల్లబడితే ఆలోచించండి. వేయదలిస్తే, కడిగాక రెండ్రోజులు ఎండనిచ్చి, ముందు ఒక మూల కొద్దిగా వేసి చూశాకే మిగతాది. ఒకసారి వేస్తే జన్మంతా ఉంటుందనుకోవద్దు. కొన్నేళ్లకోసారి మళ్లీ ఆ నీటిచుక్కని అడగాల్సిందే.

పెద్దవాళ్లు పడిపోతారన్న భయంతో వాళ్లని లోపల కూచోబెట్టడం మనకి తేలిక. ఐదు బండలు లేపి సరిచేయించడం కాస్త పని. కానీ ఎనభైకి దగ్గరపడిన మనిషికి ఆ పదడుగుల వాకిలే ఊరు, పేట, పలకరింపు. వచ్చేపోయేవాళ్లతో మాట్లాడేది అక్కడే. మొన్న సంక్రాంతికి అమ్మ అక్కడ ఇరవై ఒక్క చుక్కల ముగ్గేసింది. కట్టు కట్టిన చెయ్యి కాస్త నొప్పెడుతోందని మధ్యలో రెండుసార్లు ఆగింది గానీ, చుక్క మాత్రం ఒక్కటీ తప్పలేదు.