ముఖాలు లేని బజారు

మదరసాలో పాఠం చెప్పుకునే మనిషికి తెల్లవారుజామున ఫోన్ కెమెరా పట్టుకుని బజారులో ఏం పని? ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడిగారు. మస్జిదు పెద్దలు మర్యాదగా అడిగారు, చేపల మార్కెట్టులో స్త్రీలు నవ్వుతూ అడిగారు, మా ఇంట్లోవారు కాస్త విసుగ్గానే అడిగారు. అందరికీ ఒక్కచోట జవాబు చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

బజారులో తిరగడం ధార్మిక విద్య చదివినవారి హోదాకు తగదన్న భావం మన సమాజంలో ఎలా పాతుకుపోయిందో గాని, దివ్యఖుర్‌ఆన్‌లో దానికి ఆధారం కనిపించదు. మక్కా అవిశ్వాసులు దైవప్రవక్త (సల్లం) గారి మీద చేసిన ఆక్షేపణల్లో ఇదీ ఒకటని ‘ఫుర్ఖాన్’ సూరా తెలుపుతుంది. అన్నం తినే మనిషి, బజారుల్లో తిరిగే మనిషి ప్రవక్త ఎలా అవుతాడని వారి వాదన. పూర్వం వచ్చిన ప్రవక్తలందరూ అన్నం తిన్నవారే, బజారుల్లో నడిచినవారేనని అదే సూరాలో అల్లాహ్ జవాబిచ్చాడు. ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి, పైన పొడిగా ఉన్న గింజల అడుగున తడిని కనిపెట్టి, వర్తకుణ్ణి దైవప్రవక్త (సల్లం) నిలదీసిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. ఆ బోధ జరిగింది మస్జిదు మింబరు మీద కాదు, సరుకు కుప్ప ముందు.

ఇక మా సంగతి. మేము బోధించే గ్రంథాల్లో ఖుదూరీ ఒకటి. బాగ్దాదుకు చెందిన ఇమామ్ ఖుదూరీ హిజ్రీ 428లో, అంటే క్రీ.శ. 1037లో మరణించారు. వారు రాసిన క్రయవిక్రయాల అధ్యాయాన్ని నేటికీ మన మదరసాల్లో పిల్లలు చదువుతున్నారు. నీటిలోని చేపను పట్టుకోకముందే అమ్మడం చెల్లదన్న నియమం అందులో ఉంది. ఎడారి పక్కన చదువుకునే పిల్లవాడికి ఇది ఒక వాక్యం మాత్రమే. భీమవరం పిల్లవాడికి అలా కాదు. ఊరు దాటి ఏ దిక్కుకు వెళ్ళినా చెరువులే. మూడేళ్ళ క్రితం ఈ పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు. “హజ్రత్, మా ఊళ్ళో చెరువు గట్టు మీదే బేరం అయిపోతుంది కదా, రొయ్య ఇంకా నీళ్ళలోనే ఉంటుంది. మరి మా నాన్న చేసే వ్యాపారం చెల్లదా?” అని అడిగాడు. తరగతి నిశ్శబ్దమైపోయింది. ఆ ఇంటి అన్నం ధర్మసమ్మతమా కాదా అన్నది ఆ పిల్లవాడి ప్రశ్న. గ్రంథం చూసి జవాబు చెప్పవచ్చు. కాని గట్టు మీద నిజంగా ఏం జరుగుతుందో చూడకుండా చెప్పడం మాకు ఇష్టం లేకపోయింది.

వెళ్ళి చూశాము. కొనే తాలూకు మనుషులు ముందుగా ఒక వల విసిరి కొన్ని రొయ్యలు తీస్తారు. వాటిని తూచి కిలోకు ఎన్ని వచ్చాయో లెక్కిస్తారు. దాన్ని ‘కౌంటు’ అంటారు. 30 కౌంటు అంటే కిలోకు ముప్పై, పెద్ద రొయ్య, ధర ఎక్కువ. 100 కౌంటు అంటే చిన్న రొయ్య, ధర తక్కువ. ఏ కౌంటుకు ఎంత అన్నది గట్టు మీద మాట్లాడుకుంటారు. చెరువు పట్టిన తరువాత ట్రేల్లో పోసి తూచి, ఆ బరువుకే డబ్బు లెక్క కడతారు. మాకు అర్థమైనంతలో గట్టు మీద జరిగేది ధర గురించిన మాట. అమ్మకం జరిగేది కాటా దగ్గర. ఈ తేడాను నోటితో ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కదు. అందుకే వలను, విడిగా తీసి పెట్టిన రొయ్యలను, ట్రేలను, కాటాను ఫోన్‌తో వరుసగా ఫొటోలు తీసి తరగతిలో చూపించాము. ప్రశ్న అడిగిన పిల్లవాడు కాటా ఫొటో దగ్గర ఆగి, “ఇక్కడ, హజ్రత్, ఇక్కడే అమ్మకం” అన్నాడు. వాడి ముఖం తేటపడింది.

అప్పటినుంచి వారంలో రెండు మూడు రోజులు ఫజ్ర్ నమాజు తరువాత, పాఠాలు మొదలయ్యేలోపు, ఊళ్ళో నడవడం అలవాటైంది. ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు తోడు వస్తాడు. యనమదుర్రు డ్రెయిను మీది వంతెన దాటుతాము. ఆ వేళకు నీటి మీద పొగమంచు, గట్టున ఆకుకూరల మోపులు. చేపల మార్కెట్టు అప్పటికే సగం పని ముగించుకుని ఉంటుంది. శీలావతి, బొచ్చె, పండుగప్ప ఏ కుప్ప ఎక్కడ పడాలో ఎవరూ చెప్పనక్కరలేదు. ఐసు దిమ్మలను గోనెసంచుల మీద ఈడ్చుకు వస్తారు, మరలో వేసి పొడి చేస్తారు. ఆ చప్పుడుకు పక్కవాడి సలాము కూడా వినపడదు. కోల్‌కతాకు, అస్సాంకు పోయే లారీల్లో ఒక వరుస చేప, ఒక వరుస ఐసు పేర్చుతారు. 2022 ఏప్రిల్‌లో భీమవరం జిల్లా కేంద్రమైంది. ఊరి ముఖం మారుతున్నది. కాని ఉదయం ఐదున్నరకు ఈ వీధులను నడిపించేది కార్యాలయాలు కావు, ఐసే.

వీధికి హక్కులున్నాయని దైవప్రవక్త (సల్లం) సహచరులకు బోధించారు. దారిలో కూర్చోక తప్పనివారు చూపు దించుకోవాలి, ఎవరికీ బాధ కలిగించకూడదు, సలాముకు జవాబివ్వాలి, మంచిని చెప్పాలి, చెడును వారించాలి. ఈ హదీసు బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉంది. ఫోన్ చేతబట్టి వీధిలో నిలబడేవాడికి ఇంతకన్నా వేరే నియమావళి అక్కరలేదని మా అభిప్రాయం. మొదటి రెండు హక్కుల్లోనే ఫొటో తీసేవాడి పరీక్ష అంతా ఉంది.

డ్రెయిను గట్టున తోపుడు బండి మీద నిమ్మకాయలు, అల్లం అమ్మే ఒకాయన ఉన్నాడు. ఆయన తరాజు పళ్ళేలు అరిగి అద్దాల్లా మెరుస్తుంటాయి. వాటిని తీద్దామని ఫోన్ పైకెత్తగానే ఆయన గబగబా బండి మీద గోనెపట్టా కప్పేశాడు. “మున్సిపాలిటీ తాలూకాండీ సాయిబుగారూ?” అన్నాడు. కాదన్నాము. నమ్మలేదు. ఎప్పుడో ఎవరో వచ్చి ఇలాగే ఫొటోలు తీసుకుపోయారట. వారం తిరక్కుండా రోడ్డుకు అడ్డం వచ్చిందని బండి తీయించేశారట. రెండు నెలలు సరుకు లేదు, బేరం లేదు. మనకు అందంగా కనిపించిన తరాజు ఆయనకు అన్నం పళ్ళెం. ఫోన్ జేబులో పెట్టుకుని, కిలో నిమ్మకాయలు కొని వచ్చాము. అలా నాలుగు వారాలు నిమ్మకాయలే కొన్నాము. (ఇంట్లో పచ్చడి జాడీలు నిండిపోయాయి.) ఐదో వారం ఆయనే, “ఏటండీ, ఇయ్యాల తీసుకోరా? తీసుకోండి, ఎనకాల గట్టు పడకుండా తీయండి” అన్నాడు. స్థలం తెలియకుండా, పళ్ళేలు మాత్రమే తీశాము.

అనుమతి అంటే “తీసుకోనా?” అని అడగడం, అవతలివారు తలూపడం అనుకుంటున్నాము. ఆ తల ఊపడంలో భయం ఎంత, మొహమాటం ఎంత, ఇష్టం ఎంత అన్నది చూసుకోవాలి. ముఖ్యంగా స్త్రీల విషయంలో. బజారుకు వచ్చిన తల్లి, చెల్లి కూరగాయల కోసం వచ్చింది, ఎవరి వాట్సాప్ గ్రూపులోనో కనిపించడానికి కాదు. మన ఇళ్ళలోని యువకులకు ఈ మాట తల్లులే చెప్పాలి. మేము చెబితే ఉపన్యాసంలా ఉంటుంది.

ఇక పాఠకుల్లో చాలామంది మనసులో మెదిలే అసలు ప్రశ్నకు వస్తాము. ప్రాణుల బొమ్మలు చేయడాన్ని హదీసులు తీవ్రంగా వారించాయి. బొమ్మలు వేసి బ్రతికే ఒక వ్యక్తి తన వద్దకు వచ్చినప్పుడు, అంతగా తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేనివాటిని చిత్రించుకోమని ఇబ్నె అబ్బాస్ (రజి) సూచించారు. కెమెరాతో తీసే ఛాయాచిత్రం కూడా అదే కోవలోకి వస్తుందా అన్నదానిపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ, ఇది చేత్తో రూపకల్పన చేయడం కాదు, ఉన్న నీడను పట్టి నిలపడమేనని వాదించి దీన్ని అనుమతించారు. మన ఉపఖండపు పండితుల్లో అనేకులు దానికి ఒప్పుకోలేదు. హజ్ పాస్‌పోర్టు వంటి అవసరాలకు మాత్రం సమ్మతించారు. మేము చదువుకున్నది ఈ రెండో బాటలో. కాబట్టి మా ఫోన్‌లో ముఖాలుండవు. చేతులు, తాళ్ళు, కాటాలు, తూకపు రాళ్ళు, ఐసు, తడిసిన మెట్లు ఉంటాయి. ఇది మా నడత, ఎవరి మీదా మేమిచ్చే ఫత్వా కాదు.

ఇక్కడే మరొక మాట. ‘కెమెరా’ అన్న పదం అరబీ ‘ఖమరా’ నుంచి వచ్చిందన్న సందేశం తరచు ఫోన్లలో తిరుగుతూ మన వరకూ వస్తుంటుంది. అది నిజం కాదు. గది అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ ఘనతకు ఇలాంటి కట్టుకథలు అక్కరలేదు. చూపు కంటి నుంచి బయలుదేరి వస్తువును తాకుతుందని యూక్లిడ్, టాలమీ వంటివారు నమ్మిన చోట, వెలుగే వస్తువు నుంచి వచ్చి కంటిలో పడుతుందని ఆయన పదకొండవ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో రాసిన ‘కితాబుల్ మనాజిర్’లో నిరూపించారు. బజారులో నిలబడినప్పుడు ఈ సంగతి మాకు తరచు గుర్తుకు వస్తుంది. మనం వెళ్ళి లాక్కునేది ఏమీ లేదు. అవతలినుంచి వస్తేనే చూస్తున్నాము.

మా మేనల్లుడికి మా పద్ధతి నచ్చదు. “మనుషులు లేని బజారు బజారా, మామూ?” అంటాడు. వాడు అడిగి, ఒప్పుకున్నవారి ముఖాలు తీస్తాడు. మేము వారించము.

లారీలకు ఐసు ఎక్కించే హమాలీ ఒకాయన ఉండేవాడు. అరవై దాటిన మనిషి. ఎడమ బొటనవేలి గోరు నిలువునా చీలి ఉండేది. తాడు ముడి వేసే తీరు చూసి తీరాలి. రెండు చుట్లు, ఒక లాగు, అంతే. ఆ చేతులను ఏడాది పొడవునా తీశాము. ఆయనకూ సరదాగా ఉండేది. “నా మొకం బాగోదాండీ, సాయిబుగారు చేతులే తీస్తారు” అని తోటివారితో అని నవ్వేవాడు. మొన్న సంక్రాంతి వెళ్ళాక కొన్నాళ్ళు కనిపించలేదు. తరువాత ఆయన కొడుకు మదరసాకు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. “మా నాన్న ఫొటోలు మీ దగ్గర ఉన్నాయంట కదండీ” అన్నాడు. తండ్రి పోయాడు. ఇంట్లో ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప మరొకటి లేదు, అందులో ఆయన ఆయనలా లేడు. మా మేనల్లుడు వచ్చే రోజుల్లో ఆయన వేరే రేవులో పనిచేశాడు గనుక వాడి దగ్గరా లేదు.

ఆ అబ్బాయిని లోపల కూర్చోబెట్టి ఫోన్ అతని చేతికిచ్చాము. పదకొండు ఫొటోలు. ఒక్కొక్కటీ జరుపుతూ పోయాడు. బొటనవేలు దగ్గరగా కనిపించేదాని మీద చాలాసేపు ఉండిపోయాడు. “నాన్నే” అన్నాడు. ఆ ఒక్కదాన్నీ స్టూడియోలో వేయించి ఇచ్చాము. వారింట్లో గోడకు పెట్టుకున్నారని తరువాత తెలిసింది.

ఆ సాయంత్రం మేనల్లుడు ఏమీ అనలేదు. రెండు రోజుల తరువాత వంతెన మీద నడుస్తూ, “ముఖం ఒక్కటి ఉండి ఉంటే వాళ్ళకు బాగుండేది కదా, మామూ” అన్నాడు. బాగుండేదన్నాము. మా నియమం మారలేదు. వాడు మాత్రం ఇప్పుడు మార్కెట్టులో వయసు మళ్ళినవారిని ముందుగా అడుగుతున్నాడు. తీసిన ఫొటోను వేయించి వారి చేతికే ఇస్తున్నాడు, తన దగ్గర ఉంచుకోవడం లేదు. ఖర్చులో సగం మాది.

ఈ ఏడాది కొత్త తరగతికి మళ్ళీ ఆ అధ్యాయమే మొదలైంది. కాటా మీద పెట్టిన ట్రే ఫొటో చూపిస్తే, పన్నెండేళ్ళ పిల్లవాడు తెర దగ్గరకు వచ్చి ట్రే అడుగును చూపించాడు. నీళ్ళు ఇంకా కారుతున్నాయి. “హజ్రత్, ఈ నీళ్ళ బరువు ఎవరిది? అమ్మినవాడిదా, కొన్నవాడిదా?” అన్నాడు. ఎంతసేపు కారనిస్తే న్యాయమో గ్రంథంలో దొరకదు. రేపు శుక్రవారం, సెలవు. శనివారం ఫజ్ర్ తరువాత గడియారం చూసుకుంటూ కాటా పక్కన నిలబడాలి. ఆ పిల్లవాడు తానూ వస్తానంటున్నాడు.