కళ్లు తిరగడం

మా అమ్మకు 78 ఏళ్లు. "కళ్లు తిరుగుతున్నాయిరా" అని ఆమె మొదటిసారి అన్నప్పుడు యింట్లో ఎవరికి తోచిన వైద్యం వారు చేశాం. పైత్యమని మా పిన్ని అల్లం మురబ్బా తెప్పించింది. నీరసమని మా ఆవిడ గ్లూకోజు కలిపి యిచ్చింది. నేను యింటి యజమానిని కదా, బజారుకు వెళ్లి ఒక చేతికర్ర కొనుక్కొచ్చి, ఇక వంటింట్లోకి వెళ్లవద్దని ఆజ్ఞ జారీ చేశాను.

అంతే, మర్నాటినుంచి అమ్మకు కళ్లు తిరగలేదు. అంటే, తిరిగినట్లు మాతో చెప్పలేదు.

ఎత్తుగా కట్టిన దండెం మీద తప్ప మడిబట్ట ఆరవేయని మనిషి, కుర్చీమీద ఆరవేయడం మొదలుపెట్టింది. గోడ పట్టుకుని నడిచేది. ఇవన్నీ నేను చూశాను; చూసి వూరుకున్నాను. ఒకనాడు తెల్లవారుజామున మంచం దిగబోయి పడింది. ఎముక విరగకపోవడం మా అదృష్టం.

తెనాలి నుంచి గుంటూరు తీసుకువెళ్లాను. డాక్టరుగారు చిన్నవాడే. నన్ను మాట్లాడనివ్వలేదు.

"మామ్మగారూ, ఇల్లు గిర్రున తిరిగినట్లుంటుందా? లేక లేచి నిలబడగానే కళ్లకు చీకట్లు కమ్ముతాయా?"

ఆరు నెలలుగా మాలో ఒక్కరూ అడగని ప్రశ్న! రెండింటికీ మనం ఒకే మాట వాడడం వల్ల వచ్చిన చిక్కు కాబోలు.

"ఇల్లే తిరుగుతుంది నాయనా. కుడిపక్కకు ఒత్తిగిల్లినా, పైకి చూసినా. అరనిమిషం. ఆ తర్వాత ఏమీ వుండదు."

పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బి.పి. చూశారు. నిలబడ్డ మూడు నిమిషాల్లో పై అంకె 20 గాని అంతకు మించి గాని పడిపోతే అది చీకట్లు కమ్మే రకమట, ఒక్కొక్కప్పుడు బి.పి. మాత్రలే అందుకు కారణమట. అమ్మకు అది లేదు. చెవి లోపల సన్నని సున్నపు రేణువులుంటాయనీ, అవి చోటు తప్పి అక్కడి వంపు గొట్టాల్లో పడితే తల కదిలినప్పుడు లోకం తిరుగుతుందనీ చెప్పారు.

1992లో జాన్ ఎప్లీ అనే అమెరికా డాక్టరు ప్రకటించిన పద్ధతి ఒకటుంది. అమ్మ తల కుడికి తిప్పి చటుక్కున వెనక్కి వాల్చారు. కనుగుడ్లు గిలగిల కొట్టుకున్నాయి. అమ్మ నా చెయ్యి నొప్పెట్టేటట్లు పట్టుకుంది. అవి నిలిచాక తల మెల్లగా ఎడమకు తిప్పి, ఆ పక్కకే ఒత్తిగిలజేసి, కూర్చోబెట్టారు. పది నిమిషాలు పట్టలేదు. మందు లేదు. మళ్లీ రావచ్చునన్నారు. మాట తడబడినా, మూతి వంకరపోయినా, కాలో చెయ్యో స్వాధీనం తప్పినా మాత్రం అది వేరే సంగతి, క్షణం ఆగవద్దన్నారు.

దారిలో అడిగాను. "ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?"

"ఒకసారి చెబితే కర్ర కొన్నావు. మళ్లీ చెబితే మంచాన పడేస్తావని."

నాకు జవాబు తోచలేదు.

మూడోనాడు పొద్దున్నే లేచి చూద్దును గదా, అమ్మ తలెత్తి మడిబట్ట దండెం మీదికి తోస్తోంది, నేను కొన్న చేతికర్రతో.