రతన్ టాటా: ఖైరాత్ ఒక ఖాతా, హఖ్ ఒక ఖాతా

2024 అక్టోబర్ 9న రతన్ టాటా ఇంతెఖాల్ అయ్యాక మా తిరుపతి ఇళ్లల్లో పెద్ద బహస్ నడిచింది. కొందరికి ఆయన ఫరిష్తా. కొందరికి అందరిలాంటి సర్మాయాదారే.

ఫరిష్తా అనేవాళ్ల దలీల్ కళ్ల ముందే ఉంది. తిరుమల కొండ కింద, అలిపిరి దగ్గర, టీటీడీ ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టులు కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి. 2018 ఆగస్టు 31న పునాదిరాయి వేయడానికి ఆయనే వచ్చారు. 2022లో ఆసుపత్రి మొదలైంది. క్యాన్సర్ అనగానే వెల్లూరుకో చెన్నైకో బస్సెక్కే గరీబు ఖాందాన్‌లకు ఇది పెద్ద నేమత్.

రెండోవాళ్లు సింగూరు గుర్తుచేస్తారు. లక్ష రూపాయల నానో కారు ఫ్యాక్టరీకని 2006లో బెంగాల్ సర్కారు దాదాపు వెయ్యి ఎకరాలు తీసుకుంది, ఒప్పుకోని రైతుల పొలాలతో సహా. గొడవలయ్యాయి. 2008లో ఫ్యాక్టరీ గుజరాత్‌కు వెళ్లిపోయింది. ఆ భూసేకరణ చెల్లదు, పొలాలు తిరిగివ్వండి అని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2016 ఆగస్టు వచ్చింది. జబర్దస్తీ చేసింది సర్కారే, నిజమే. ఎవరి ఫ్యాక్టరీ కోసమన్నది కూడా నిజమే.

మన దీన్‌లో హుఖూఖుల్ ఇబాద్ ఉంది. బందాల హఖ్ ఆ బందాలే మాఫ్ చేయాలి. తిరుపతిలో చేసిన ఖైరాత్‌తో సింగూరు రైతు బాకీ తీరదు. సింగూరు పేరు చెప్పి ఇక్కడి రోగికి అందిన షిఫాను కాదనలేం. ఆయన హిసాబ్ అల్లాహ్ చూసుకుంటాడు. టీసీఎస్ నౌకరీ కోసం చదివే మన పిల్లలకు మాత్రం రెండు ఖాతాలూ చదివి వినిపిద్దాం.