చెల్లని కాగితాలు

మా పల్లెలో ఏ ఇంట్లోనూ కాగితమనేది ఉండేది కాదు. సెంటు భూమి లేనోళ్ళకి పట్టా ఎందుకుంటది? పుట్టిన తేదీలు రాసిపెట్టినోళ్ళు లేరు. నా పుట్టినరోజు బళ్ళో చేర్చుకున్న పంతులు తన వీలునిబట్టి రాసుకున్నదే. అట్టాంటి పల్లెలో మా ఇంట్లో మాత్రం రేకుపెట్టె నిండా కాగితాలుండేయి. అవి మావి కావు, లారీవి.

మా నాయన గుంటూరు నుంచి ఢిల్లీకి మిరపకాయల లోడు తోలేవాడు. క్లీనరుగా ఎక్కి, ఆరేళ్ళు టైర్లు మోసి, ఆ తర్వాత స్టీరింగు పట్టుకున్నాడు. 1980ల్లో ఆయన పోయే దారి ఇది: విజయవాడ, హైదరాబాదు, నిర్మల్, ఆదిలాబాదు, నాగపూరు, సివనీ, సాగర్, ఝాన్సీ, గ్వాలియరు, ఆగ్రా, ఢిల్లీ. దగ్గర దగ్గర 1,800 కిలోమీటర్లు. సరుకు చేరేది పాతఢిల్లీలోని ఖారీ బావ్‌లీ బజారుకి. ఈ ఊళ్ళ పేర్లు నేను బళ్ళో పటం మీద నేర్చుకోలా, పెట్టెలోని చీటీల మీద నేర్చుకున్నా. హైస్కూల్లో హిందీ చెప్పడం మొదలుపెట్టినాక ఆ చీటీలు కూడబలుక్కుని చదవటమే నాకు ఆట.

లారీ కదలాలంటే ఎన్ని కాగితాలో! బండికి ఆర్.సి., ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, టాక్సు రసీదు, నేషనల్ పర్మిట్. ఆ నేషనల్ పర్మిట్ పద్ధతి 1975లో వచ్చింది. సరుకుకి ఇన్‌వాయిసు, లారీ రసీదు, కాటా చీటీ. లారీ రసీదుని ఉత్తరాదిలో బిల్టీ అంటారు. రాష్ట్రం మారితే సేల్స్‌టాక్సు చెక్‌పోస్టు. సరుకు ఆ రాష్ట్రంలో దిగకుండా దాటిపోతుందని ట్రాన్సిట్ పాసు రాయించుకుని, అవతలి పొలిమేరలో చూపించి ముద్ర కొట్టించుకోవాలి. నాగపూరు లాంటి పట్టణాల్లో ఆక్ట్రాయి నాకా. నాకా కాడ ఒక్కోసారి తెల్లారేది. చీటీ ఇచ్చేచోటల్లా చీటీ లేకుండా తీసుకునే చెయ్యి కూడా ఒకటుండేది. రసీదు లేని ఆ పది రూపాయల్ని ఓనరు ఒప్పుకునేవాడు కాదు. అది నాయన బత్తాలోంచే పోయేది.

ఓనరు మా ఊరి కామందే. పది టన్నుల సరుకూ లారీ నాయన చేతికి అప్పజెప్పేవాడు గానీ, తాళాలు చేతికిచ్చేవాడు కాదు. అరుగు మీద పెడితే తీసుకోవాలి. మంచినీళ్ళు దోసిట్లోనే పోసేవాళ్ళు. ట్రిప్పు నుంచి వచ్చినాక నాయన కింద కూచుని కాగితాలన్నీ ఇస్తే, ఆయన లెక్కకి పనికొచ్చేయి ఏరుకుని, మిగతావి “ఇయ్యి చెల్లవు” అని విసిరేసేవాడు. ఆ చెల్లని కాగితాలే మా ఇంటికొచ్చేయి. అమ్మ పొయ్యి రాజేసుకుంటానంటే నాయన ఒప్పుకునేవాడు కాదు.

వాటితోపాటు పెట్టెలో ఇంకొన్ని ఉండేయి. గాజుపెట్టెలో అరచేతంత తాజ్‌మహలు. బూడిదగుమ్మడికాయతో చేసే ఆగ్రా పేటా తినేసినాక మిగిలిన అట్టపెట్టె. సాగర్ దాటినాక ఏదో ధాబాలో రాసిచ్చిన చీటీ: నాలుగు రొట్టెలు, పప్పు, టీ. ఆ చీటీ ఎందుకు దాచావని ఒకసారి అడిగితే, “ఆడ మంచం మీద కూచున్నానమ్మా. ఆ పక్కన సర్దార్‌జీ, ఈ పక్కన నేను. ఒకటే పళ్ళెంలో ఉల్లిపాయలు” అన్నాడు. ఊళ్ళో టీకొట్టు కాడ మాకు చూర్లో దోపిన వేరే గ్లాసుండేది.

నాగపూర్లో లారీల్ని రాత్రి దాకా ఊళ్ళోకి వదలని ఒకరోజు, నాయన నడుచుకుంటా దీక్షాభూమికి పోయాడు. 1956 అక్టోబరు 14న అంబేద్కర్ బౌద్ధం తీసుకున్న చోటది. ఇప్పుడున్న పెద్ద స్తూపాన్ని 2001లో తెరిచారు. నాయన పోయిననాటికి ఇంకా కడుతున్నారు. అక్కడ పేవ్‌మెంటు మీద నీలంకోటు అంబేద్కర్ పటం కొని, నలక్కుండా పర్మిట్ కాగితాల మధ్య పెట్టి తెచ్చాడు. కొన్నాళ్ళు పెట్టెలోనే ఉంది. 1985 జులై 17న కారంచేడులో మావాళ్ళని చంపినాక దాన్ని గోడకి కొట్టాడు. ఓనరు మనుషులు పిలవడానికొస్తే కనపడుద్దని అమ్మ హడలిపోయింది. నాయన తియ్యలా.

1992లో ఝాన్సీకి ఇవతల లారీ బోల్తా కొట్టింది. దూరం బండ్లకి అప్పట్లో ఇద్దరు డ్రైవర్లుండేవాళ్ళు. ఆ వేళ స్టీరింగు రెండో ఆయన చేతిలో ఉంది, నాయన వెనక బల్ల మీద పడుకుని ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఓనరు ఏమన్నాడో తెలుసా? “వాడు మా డ్రైవరు కాదు. పల్లెవాడు, దారిన ఎక్కించుకున్నాం” అన్నాడు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటల పని అంది. కానీ ఐదుగురికి తక్కువ మంది ఉన్నచోట అది వర్తించేది కాదు. ఓనరుకి రెండు లారీలు, ఆరుగురు మనుషులు. పుస్తకంలో మాత్రం నలుగురే. ఆ నలుగుర్లో నాయన పేరు లేదు. 1923 నాటి పరిహారం చట్టం కింద కేసు వెయ్యాలన్నా నౌకరీ రుజువు కావాలి. జీతం చీటీ లేదు, హాజరు పుస్తకం లేదు.

పెట్టె తెరిచింది అప్పుడే. ట్రాన్సిట్ పాసుల నకళ్ళు పదిహేడు దొరికినయి. ఒక్కోదాని మీదా లారీ నెంబరు, తేదీ, డ్రైవరు పేరు, లైసెన్సు నెంబరు, కింద నాయన సంతకం. నాలుగేళ్ళ పొడుగునా అదే లారీ, అదే మనిషి. హిందీలో ఉన్నవాటిని నేను చదివి చెప్తుంటే మావైపు వకీలు తెలుగులో రాసుకున్నాడు. నాకప్పటికి పదిహేడేళ్ళు. ఓనరు వకీలు ఇవన్నీ చిత్తుకాగితాలన్నాడు. “చిత్తే, కానీ ముద్రలు సర్కారువి” అన్నాడు మావాడు. మూడేళ్ళు తిరిగాం. వచ్చిన డబ్బు ఆస్పత్రి అప్పుకి, నా చదువుకి సరిపోయింది. మనిషి మాత్రం మళ్ళీ బండెక్కలా.

ఇప్పుడు ఆ చీటీలు పుట్టవు. 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చాక సేల్స్‌టాక్సు చెక్‌పోస్టులు తీసేశారు. 2018 ఏప్రిల్ నుంచి రాష్ట్రాలు దాటే సరుకుకి ఈ-వే బిల్లు. 2021 నుంచి టోలుగేటు కాడ ఫాస్టాగ్. గంటల తరబడి నిలబడే బాధ తగ్గింది, మంచిదే. అయితే ఈ-వే బిల్లులో బండి నెంబరు ఉంటదిగానీ, డ్రైవరు పేరు ఉండదు. ఒకప్పుడు చెక్‌పోస్టులో గుమాస్తా తన అవసరం కోసం రాసుకున్న పేరు మాకు దిక్కయింది. ఇప్పుడు ఆ పేరు రాసేదెవరు?

మా పల్లె కుర్రాళ్ళు పదిమంది లారీల మీదున్నారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే: లోడు మెసేజి చెరపొద్దు. బత్తా ఫోనులోనే వేయించుకోండి. బండి నెంబరు కనపడేట్టు ఫోటో దిగి, అది ఇంటికి పంపండి. సంఘంలో పనిచేసే తమ్ముళ్ళకీ, చదువుకునే చెల్లెళ్ళకీ ఇంకో మాట. మీ అమ్మానాయన్ల పెట్టెల్లో ఏమున్నాయో ఒకసారి చూడండి. కూలి మేస్త్రీ రాసిన లెక్క కావొచ్చు, ఇటుకబట్టీ చీటీ కావొచ్చు. పనికిరావని ఎవరో విసిరేసినా సరే, తేదీ రాసి దాచండి.