వృద్ధ మాతాపితల సేవ: ఒక గుమాస్తా అనుభవము

ఈ సంచికలో ఏటేట పెద్దలు మన కవులను గూర్చియు, పండుగలను గూర్చియు వ్రాయుచుందురు. యస్.యస్.ఎల్.సి. వరకు మాత్రము చదివి, 35 సంవత్సరములు బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో గుమాస్తాగా పద్దులు వ్రాసి విశ్రాంతి గొన్న నాకు అంతటి పాండిత్యము లేదు. అయినను తలిదండ్రుల సేవయు మన సంస్కృతిలోనిదే గనుక, ఆ సేవలో నేను చేసిన తప్పులను, వానివలన నేర్చినదానిని విన్నవించుకొనుచున్నాను.

మాది పలమనేరు ప్రాంతము. మా నాయనకు ఇప్పుడు 86 ఏండ్లు, అమ్మకు 82, నాకు 64. పల్లెలో చూచువారు లేకపోవుటచే 2019లో వారిని హెబ్బగోడికి తీసికొని వచ్చితిని. ఆనేకల్ తాలూకాలో తెలుగు మాటలాడువారికి కొదువ లేదు గావున వీథిలో వారిని పలుకరించువారు దొరికిరి. నాయన ప్రతిదినము ఉదయమున ఒంటరిగా గుడికి నడచిపోయి, తిరిగి వచ్చునపుడు ఒక ఆకుకూర కట్ట కొని తెచ్చెడివారు. ఆ కట్ట తెచ్చుటయే ఈ యింటికి తాము చేయు పని యని వారి భావము.

2023 డిసెంబరులో ఒక రాత్రి వారు మరుగుదొడ్డికి పోవుటకై లేచి, మంచము ప్రక్కనే కూలబడిరి. ముంజేయి విరిగినది. అంతకు రెండు మాసముల ముందునుండి వారి చీలమండలు వాచుచుండెను. లేచి నిలిచినపుడు కన్నులు బైర్లు గ్రమ్ముచున్నవని రెండు మూడు మారులు చెప్పియుండిరి. “వయసైంది గదా నాయనా” అని నేనే త్రోసివేసితిని.

కట్టు కట్టిన వైద్యుడు, వాడుచున్న మందులన్నియు తెమ్మనెను. రక్తపుపోటుకు ఒక వైద్యుని కడ, మోకాళ్ల నొప్పులకు వేరొక వైద్యుని కడ చూపించుచుంటిమి. రెండవవారును రక్తపుపోటు చూచి ఒక మాత్ర వ్రాసిరి. పేర్లు వేరు, అట్టల రంగులు వేరు. అట్టమీద సన్నని అక్షరములలో నున్న మందు మాత్రము ఒక్కటే, ఆమ్లోడిపిన్. చీలమండల వాపును, తల తిరుగుటయు దానివలన వచ్చినవే. మొదటి చీటీని రెండవ వైద్యునికి చూపనివాడను నేనే. ఒకే బిల్లునకు రెండుమారులు సొమ్ము చెల్లకుండ 35 ఏండ్లు కావలి కాచినవాడను, మా నాయనచేత ఒకే మందును రెండు పేర్లతో రెండు మాసములు మ్రింగించితిని.

ఆనాటినుండి ఒక పుస్తకము పెట్టితిని. మందు అసలు పేరు, అంగడి పేరు, మోతాదు, ఎందులకు ఇచ్చినది, ఎవరు వ్రాసినది అను అయిదు గడులు. ఏ వైద్యుని యెదుట కూర్చున్నను మొదట ఆ పుస్తకమునే ముందుంచుదును. నొప్పి మాత్రలు వైద్యుని అడుగక అంగడిలో కొనుట మానితిమి. అవి వృద్ధుల మూత్రపిండములకు చేటు చేయగలవు. స్నానపుగదిలో నున్నని రాళ్లు తీయించి గరుకువి పరపించితిని. గోడకు గట్టి పట్టుకడ్డీలు బిగించితిని. రాత్రియంతయు చిన్న దీపము వెలుగుచుండును. నిద్ర లేచినవెంటనే నిలువక, కాళ్లు క్రిందికి వ్రేలవైచి కొంతసేపు మంచముపైననే కూర్చుండుట అలవాటు చేసితిమి.

అమ్మ విషయమున గూడ ఒక పాఠము నేర్చితిని. ఒకనాటి ఉదయము ఆమె నన్ను తన తమ్ముని పేరుతో పిలిచి, పొలమునకు నీరు కట్టితివా యని యడిగెను. మతిమరుపు మొదలైనదని మేము దిగులుపడితిమి. పరీక్షింపగా మూత్రమున చీము చేరినదని తేలెను. జ్వరమైనను లేదు. మందు వాడిన వారమునకు ఆమె మునుపటివలెనే నాతో వాదులాడజొచ్చెను. వృద్ధులకు హఠాత్తుగా తబ్బిబ్బు కలిగినచో అది వయసు దోషమని యూరకుండక, ఆ దినముననే వైద్యునికి చూపవలెను.

నా రెండవ తప్పు మొదటిదానికన్న పెద్దది. నాయన పడిన పిమ్మట నేను వీథితలుపునకు తాళము వేసి, నడక మాన్పించితిని. వారు మారు పలుకలేదు. అన్నము తగ్గినది, కాళ్లు సన్నబడినవి, పగలెల్ల గోడవైపు తిరిగి పండుకొనుచుండిరి. ఒకనాడు అమ్మ నాతో, “ఆయన పడకుండా చూస్తాండావు, సరే. బతకనిస్తాండావా?” అనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంచమున నున్నకొలది కండలు కరగి, పడుటకు మరింత వీలగునని తరువాత వైద్యుడును చెప్పెను. మరునాడు తాళము తీసితిని. రబ్బరు బిళ్లగల చేతికర్ర, పట్టీలుగల చెప్పులు, జేబులో మా ఫోను నంబరు వ్రాసిన కాగితము. నేను పది యడుగుల వెనుక నడతును. వారు చూడనట్లు నటింతురు.

తమను పోషింపని సంతానముపై తలిదండ్రులు ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చునని 2007 నాటి చట్టము చెప్పుచున్నది. వృద్ధుల సహాయమునకు 14567 అను ఫోను నంబరును కలదు. ఇవి తెలిసియుండుట మంచిదే. కాని పోషించుచున్న యింట సేవ యంతయు ఒకరి తలపై పడుటయు అన్యాయమే. మా యింట ఆ యొకరు నా భార్య. ఆమె నడుము పట్టుకొనిపోయిన తరువాతగాని నాకు తెలివి రాలేదు. ఇప్పుడు ఏటికొక మాసము మా తమ్ముడు వచ్చి యుండును. రాత్రి కావలి నాది.

2025 ఆగస్టులో మెట్రో రైలు మా హెబ్బగోడి మీదుగా నడువ నారంభించినది. లిఫ్టు ఉండుటచే నాయనను నగరములోని వైద్యుని కడకు తీసికొనిపోవుట సులువైనది. అయినను వారికి ఆ రైలుకంటె ఉదయపు నడకయే ప్రియము. ఈ దినము తెచ్చిన తోటకూర కొంత వాడియున్నది. నా భార్య ఏమియు ననక కడిగి వండినది.

చదువరులు నేటి రాత్రియే తమ యింటి పెద్దల మందుల పెట్టె నొకసారి తెరచి, అట్టలమీది సన్నని అక్షరములను చదువుదురుగాక యని నా మనవి.