గుమ్మం దగ్గర ఆగిపోయిన పిల్ల

దసరా సెలవులకి రాయగడ వెళ్ళినప్పుడు చూశాం. అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి. ఇద్దరు స్నేహితురాళ్ళతో వరండాలో కూర్చుని ఒడియాలో కబుర్లాడుతోంది. వాళ్ళ క్లాసు పిల్లే ఒకమ్మాయి నోట్సు కోసం వచ్చింది. వాళ్ళింట్లో కువి మాట్లాడతారు. ఆ పిల్ల గుమ్మంలోకి రాగానే ముగ్గురూ తెలుగులోకి మారిపోయారు. ఒకటే నవ్వులు. పాపం, నిలబడే పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది.

“ఏటయిందే?” అని అడిగాం.

“మేమేమీ అనలేదు బాబాయ్. మా గ్రూపు అంతే.”

నిజమే, ఏమీ అనలేదు. అందుకే ఇలాంటివి పెద్దవాళ్ళ కంటపడవు. మాకు మాత్రం చప్పున తెలిసిపోయింది. నాన్నగారి ఉద్యోగం వల్ల మేమిద్దరం అన్నాచెల్లెళ్ళం ధారవాడలో కన్నడ మీడియంలో చదివాం. మేం దగ్గరికెళ్తే మాటలు ఆగిపోయేవి. బెంచీ మీద చోటున్నా బ్యాగు అడ్డం పెట్టేవారు. ఇంటికొచ్చి ఏం చెప్పాలి? కొట్టలేదు, తిట్టలేదు.

ఇప్పుడు మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అలవాటైనవాళ్ళకి అన్నీ బాగానే నడుస్తాయి. కొత్తవాళ్ళొస్తే ఏమవుతుందో చూస్తేనే తప్పు దొరుకుతుంది. పిల్లల గుంపూ అంతే. స్నేహితులైతే కాస్త జరిగి చోటిస్తారు, వచ్చినవాళ్ళకి తెలిసిన భాషలో మాట్లాడతారు. గిరి గీసుకున్నవాళ్ళు ఉన్న భాష కూడా మార్చేస్తారు.

మమ్మల్ని కలుక్కుమనిపించింది ఇంకోటి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా కొరాపుట్, రాయగడ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. తర్వాత బడి ఒడియా అయినా ఇంట్లో తెలుగు పోకుండా మన పెద్దలు కాపాడారు. ఆ తెలుగే ఇవాళ తలుపుకి గడియ అయింది.

అదీ ఎవరి మీద? భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగునీ కువినీ ద్రావిడ భాషల్లో ఒకే శాఖలో చేర్చారు. మేం చదివిన కన్నడం వేరే శాఖ. కువిలో ఇల్లుని ‘ఇలు’ అంటారు. ఈ మాట చెప్తే మా పిల్ల కాసేపు మాట్లాడలేదు.

దీపావళికి ఫోన్ చేసింది. టిఫిన్ వేళ ఆ పిల్ల పక్కన కూర్చుందట. మిగతా ఇద్దరూ మాటలు మానేశారట.

“ఇప్పుడు నన్నూ బయట పెట్టేస్తారేమో బాబాయ్?”

పెట్టొచ్చు. పెట్టరని అబద్ధం చెప్పలేకపోయాం. “ఈసారి ఆ పిల్లని ఇంట్లోకి పిలు” అన్నాం.

మీ పిల్లల తెలుగు వినబడితే సంతోషించండి. పక్కన ఎవరైనా మాటలేక నిలబడ్డారేమో, అదీ ఓసారి చూడండి.