మసకబారిన సీసపు గవాక్షాలు

రాయపూర్ చుట్టూ ఉన్న వరిపొలాలలో, కోతకు ఇంకా రెండు వారాలు ఉండగానే, తడి ఆరని నేలమీద, నిలిచి ఉన్న పైరు నడుమనే రైతులు అవిసె గింజలు చల్లుతారు. ఈ పద్ధతిని ఛత్తీస్‌గఢ్‌లో ఉతేరా అంటారు. వరి కోసి ఇల్లు చేర్చిన తరువాత, నాగలి తగలని ఆ మడిలో, మిగిలిన తేమతోనే అవిసె ఎదిగి శీతకాలంలో నీలిపూలు పూస్తుంది. ఆ గింజలనుండి తీసే నూనెకు ఒక విశేషగుణం ఉన్నది. కొబ్బరినూనె వలె అది ఎల్లకాలం జిడ్డుగా నిలిచి ఉండదు. గాలి సోకినకొద్దీ చిక్కబడి, కొన్ని వారాలలో గట్టిపడి, పలుచని తోలువలె పట్టుకుంటుంది. ఈ గుణం వల్లనే అది వడ్రంగులకూ చిత్రకారులకూ పనికివచ్చింది. రంగుటద్దాలను సీసపు పట్టీలలో బిగించి నిలిపే పెద్ద గవాక్షాలకు కూడ ఈ గుణం వల్లనే అది ఆధారమైనది. అవిసెనూనె, సుద్దపొడి, దీపపు మసి కలిపి నూరిన ముద్ద అద్దానికీ సీసానికీ నడుమ ఉన్న సందును పూడ్చి, అద్దం కదలకుండ, వాననీరు చొరకుండ కాపాడుతుంది. ఈ మూడు వస్తువులూ మన బజారులకు కొత్తవి కావు. కనుక మసకబారిన సీసపు గవాక్షానికి మళ్ళీ కళ తెచ్చే విద్య పరదేశపుదని దూరంగా ఉంచనక్కరలేదు. ఆ పనిలో అరుదైనది, ఏది తుడవవలెనో ఏది తుడవరాదో తెలిసిన వివేకం ఒక్కటే.

ఆ వివేకానికి మొదటి మెట్టు ఆ గవాక్షం నిర్మాణాన్ని ఎరుగడం. మన దేశపు పాత ఇళ్ళలో తలుపుల మీదా కిటికీల మీదా కనిపించే రంగుటద్దాలు చాలవరకు కర్ర చట్రాలలో కూర్చినవి. సీసపు పని వేరు. అందులో అద్దపు ముక్కలు చిత్రం కోరిన ఆకారంలో కోయబడతాయి. వాటి అంచులను సన్నని సీసపు పట్టీలు రెండువైపుల నుండి ఒడిసిపట్టుకుంటాయి. ఆ పట్టీని అడ్డంగా కోసి చూస్తే ఒకే మెట్టు ఉన్న చిన్న నిచ్చెనవలె ఉంటుంది. మెట్టుకు పైనా కిందా ఉన్న గాళ్ళలో అద్దాలు కూర్చుంటాయి. పట్టీలు కలిసిన చోటనెల్ల తగరం, సీసం కలిపి మాటు వేస్తారు. మన రసశాస్త్రంలో సీసానికి నాగమనీ, తగరానికి వంగమనీ పేర్లు. ఆ నాగ వంగాల మైత్రిపైననే ఈ గవాక్షమంతా నిలిచి ఉన్నది. ఐరోపాలో 12వ శతాబ్దంలోనే థియోఫిలస్ అనే సన్యాసి ఈ పనిని వివరంగా గ్రంథస్థం చేశాడు. ముఖాలు, వస్త్రాల ముడుతలు వంటి సూక్ష్మరేఖలను లోహపు భస్మం, గాజుపొడి కలిపిన రంగుతో అద్దం మీద గీసి కొలిమిలో కాలుస్తారు. సరిగా కాలిన గీత శతాబ్దాలు నిలుస్తుంది. కాలుడు తక్కువైన గీత తడిగుడ్డకే ఊడివస్తుంది. అందువల్ల ముఖం తుడవబోయి ముఖాన్నే పోగొట్టుకున్న సందర్భాలు ఈ విద్యకు తెలియనివి కావు.

గవాక్షం మసకబారిందని అనేవారు సాధారణంగా మూడు వేరువేరు విషయాలను ఒకే మాటలో చెబుతారు. అద్దం మీద దుమ్ము, పొగ, జిడ్డు పేరుకోవడం ఒకటి. ముద్ద ఎండి రాలిపోయి, ఆ సందులలో మురికి చేరడం రెండవది. సీసం తన వెండి మెరుపు కోల్పోయి బూడిదరంగుకు దిగడం మూడవది. మొదటిది మలినం, దానిని తీయవచ్చును. రెండవది లోపం, దానిని పూరింపవలెను. మూడవది మలినమూ కాదు, లోపమూ కాదు. అప్పుడే కోసిన సీసం తళతళ మెరుస్తుంది, కాని ఆ మెరుపు కొద్ది రోజులకే మాసిపోతుంది. గాలిలోని ప్రాణవాయువు, తేమ, బొగ్గుపులుసు వాయువు కలిసి దానిమీద ఒక పలుచని పొరను కప్పుతాయి. ఆ పొర ఏర్పడిన తరువాత లోపలి లోహం తినివేతకు అంత సులభంగా లొంగదు. ఆ బూడిదరంగు సీసానికి చర్మం. ఉక్కుపీచుతోనో పులుసుతోనో దానిని గీకివేసి మెరుపు తెప్పించినవాడు కవచాన్ని ఒలిచివేసినవాడవుతాడు. కొద్ది వారాలలో సీసం మళ్ళీ ఆ పొరనే తొడుక్కుంటుంది, కాని ప్రతి గీకుడుకూ పట్టీ మందం కొంత తరుగుతుంది.

అంతేకాదు, ఆ గవాక్షంలో సీసం పని మెరవడం కాదు. రెండు రంగుల నడుమ నల్లని రేఖ లేకపోతే ఎరుపు నీలంలోకీ, నీలం పసుపులోకీ పొంగి కలిసిపోయినట్లు కంటికి తోస్తుంది. ఆ రేఖ నలుపు నిలిచినంతకాలమే రంగులు తమ తమ ఎల్లలలో ప్రకాశిస్తాయి. ఈ మాట ఎరిగిన పనివారు కొత్త గవాక్షానికి ముద్ద పట్టించిన తరువాత, సుద్దపొడి చల్లి, గట్టి కుచ్చుతో ఎడతెగక రుద్దుతారు. సుద్ద మిగులు నూనెను పీల్చుకుంటుంది. ముద్దలోని మసి సీసానికి పట్టి, పట్టీలు నిగనిగలాడే నలుపుకు వస్తాయి. ఇంగ్లండులో ఇనుప పొయ్యిలకు పూసే గ్రాఫైటు పూతను ఇళ్ళ కిటికీల సీసానికి కూడ పూసేవారున్నారు. కొత్తగా వేసిన మాటు వెండివలె కొట్టొచ్చినట్లు కనిపిస్తే మయిలుతుత్తపు నీరు రాసి రాగిఛాయ తెప్పించేవారు కూడ ఉన్నారు. సాధారణ గృహాలకు ఇవి చెల్లుతాయి. ప్రాచీన చిత్రగవాక్షాలకు మాత్రం ఈ అలంకారాలు తగవు.

తుడిచే పని సూర్యుడు ఉండగా, గది లోపల నిలబడి, చూడడంతో మొదలవుతుంది. వెలుపలి నుండి చూస్తే ఎంత గొప్ప గవాక్షమైనా మసకగానే ఉంటుంది. రాత్రి లోపలి నుండి చూసినా అంతే. ఆ వేళ చూసి తీర్పు చెప్పడం న్యాయం కాదు. ముందుగా మెత్తని కుచ్చుతో, రంగుగీతలు లేని చోట, అద్దం మీది దుమ్మును దులపవలెను. ఒక మూల గీతమీద తడి దూదిని తాకించి, దూదికి రంగు అంటుతున్నదో లేదో పరీక్షింపవలెను. అంటితే పని అక్కడితో ఆపి నిపుణుని పిలువవలెను. అంటనప్పుడు బట్టీపట్టిన నీటితో తడిపిన దూదిని ఒక్కొక్క అద్దం మీద దొర్లించి, మాసిన వెంటనే మార్చుతూ పోవలెను. నవసారపు ఘాటు ఉన్న అద్దపు ద్రావకాలు, ఆమ్లాలు, గీకే పొడులు దగ్గరికి రానీయరాదు. రాలిన ముద్ద స్థానంలో కొత్త ముద్ద నింపి, ఆరేవరకు ఓపిక పట్టవలెను.

సీసం మీద తెల్లని పొడి కనబడితే మరింత జాగ్రత్త కావలె. తేమ నిలిచిన చోట, కర్రనుండో జిగురునుండో వెలువడే పులుసు ఆవిరి తగిలినప్పుడు, సీసం తెల్లగా పొడికడుతుంది. పూర్వం చిత్రకారుల తెల్లరంగును సీసాన్ని వెనిగరు ఆవిరిలో ఉంచి చేసేవారు; ఆ తెలుపు, ఈ పొడి ఒకే జాతివి. సీసాన్ని కాల్చి చేసే సింధూరం కూడ ఈ కుటుంబానిదే. అన్నీ విషమే. పొడిగా రుద్దితే అది గాలిలో లేచి రొమ్ములో చేరుతుంది. చేతికంటినది అన్నంతోపాటు లోపలికి పోతుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. గవాక్షం అందాన్ని మెచ్చుకునేవారు ఒకరు, నిచ్చెన ఎక్కి తుడిచే కూలీ మరొకరు. ముక్కుకు రక్షణ, తడిగుడ్డ, చేతులు కడుక్కొనుటకు నీరు, పనిబట్టలు ఇంటికి పోకుండ కట్టడి, ఇవి ఏర్పరచకుండ ఆ కూలీని నిచ్చెన ఎక్కించడం పాపం.

ఎండ ఈ గవాక్షాలకు మరొక పరీక్ష. మే నెలలో రాయపూర్ వంటి ఊళ్ళలో వేడి 45 డిగ్రీల దరిదాపుకు పోతుంది. వేడికి సీసం అద్దం కంటె సుమారు మూడు రెట్లు సాగుతుంది. చల్లబడినప్పుడు పూర్తిగా తన స్థానానికి తిరిగి రాదు. ఏళ్ళు గడిచేసరికి గవాక్షం పొట్ట ఉబ్బినట్లు వంగుతుంది. దానిని అరచేత నొక్కి సరిచేయబోతే అద్దాలు పగులుతాయి. వెనుకనున్న అడ్డకమ్ములకు కట్టిన రాగితీగలు ఊడినవో చూసి మళ్ళీ కట్టడం, అవసరమైతే గవాక్షాన్ని దింపి బల్లమీద పరిచి మెల్లగా చదును చేయడం సరియైన దారి.

తెలుగునాట ఈ జ్ఞానం అవసరమైన చోటు ఏదని అడిగితే మొదట మెదక్ పేరు చెప్పవలె. చార్లెస్ వాకర్ పోస్నెట్ పూనికతో లేచి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ మహాదేవాలయంలో మూడు చిత్రగవాక్షాలు ఉన్నాయి. బలిపీఠం వెనుక క్రీస్తు ఆరోహణం 1927లోను, పక్క బాహువులలో జననం 1947లోను, సిలువ 1958లోను అమరినవి. వాటిని రూపొందించిన ఫ్రాంక్ సాలిస్‌బరీ రాజుల, నాయకుల చిత్రపటాలకు ప్రసిద్ధుడు. కాని అతడు మొదట చేయి తిప్పుకున్నది అన్నగారి గాజుచిత్రాల కర్మాగారంలోనే. పొద్దు వాలగానే ఆ బొమ్మలు చీకటిలోకి జారుకుంటాయి. ఉదయాన సూర్యునితో తిరిగి వస్తాయి. దక్కను ఎండలో, వానలో నిలిచిన ఆ సీసానికి ప్రతి తరంలోను మెలకువ తెలిసిన కాపు ఉండవలె.

మెరుగు పెట్టాలనే ఆత్రం విషయంలో విలియం మారిస్ చరిత్ర తలచుకోదగినది. కలకత్తా సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో మేయో ప్రభువు స్మారకంగా 1880లో నెలకొన్న గవాక్షానికి చిత్రం గీసిన బర్న్-జోన్స్ ఆయన స్నేహితుడు; గవాక్షాలు చేయడం ఆయన సంస్థకు జీవనం. అయినప్పటికీ 1877లో ఆయన ప్రాచీన కట్టడాల రక్షణకు ఒక సంఘం స్థాపించి, పాతవాటిని గీకి కొత్తవిగా చూపే పునరుద్ధరణను ప్రతిఘటించాడు. పునరుద్ధరణ పాలైన మధ్యయుగపు దేవాలయాలకు తన సంస్థ కొత్త గవాక్షాలు చేయదని ప్రకటించి నష్టానికి ఒప్పుకున్నాడు. గీకుడుకు విరోధి అని ఆ సంఘానికి వచ్చిన ముద్దుపేరు ఆ పోరాటానికి గుర్తు.

ఈ పని ముగించిన మనిషి చేయవలసినది ఇంకొకటి మిగులుతుంది. ఏ అద్దాన్ని ఏ తేదీన తుడిచినదీ, ఏ సందులో కొత్త ముద్ద పెట్టినదీ, ఏ గీత సడలి ఉన్నందున విడిచిపెట్టినదీ ఒక పుస్తకంలో వ్రాసి, ఛాయాచిత్రాలతో సహా భద్రపరచవలెను. యాభై ఏండ్ల తరువాత అదే నిచ్చెన ఎక్కేవాడు ఆ వ్రాత చూసి, విడిచిపెట్టిన చోట తానూ చేయి పెట్టకుండ ఆగుతాడు.